రెండు వేల ఐదు వందల ఇరవై పోగులు

దామోదర్, తెలంగాణ వచ్చిన ఏడు భువనగిరి పెళ్లిలో నువ్వన్న మాట నేను ఇంకా మరువలేదు.

పడుగుకు 2,520 పోగులు పెడితే, చీర అడ్డంలో ఒకటి నుంచి పది దాకా ఎన్ని పువ్వులు వేసినా సమానంగా వస్తాయి, ఒక్క పోగు మిగలదు అని పంక్తిలో అందరికీ చెప్పాను. లెక్కల సారువు కదా, నువ్వు పకపకా నవ్వావు.

“బావా, మగ్గం గుంతల కూసునేటోనికి గింత లెక్క యాడికెల్లొచ్చింది? ఎవలు చెప్పిండ్రు?”

“ఒకలు చెప్పుడేంది? నేనే కనుక్కున్న!” అని విస్తరి ముందు నుంచి లేచి వచ్చాను. మళ్లీ నీ గడప తొక్కలేదు.

ఆ లెక్క కనుక్కున్నది మీ అక్క లక్ష్మీనర్సమ్మ. అప్పుడు నా పక్కనే కూర్చుని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది.

“పదింటికీ సరిపోయేది గింతకంటె చిన్నది ఉన్నదో లేదో, మా తమ్ముణ్ని జర అడుగరాదు?”

“నేనడుగ. నువ్వు గూడ అడుగొద్దు.”

అడగలేదు. ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క సంఖ్యనే చింతగింజలతో పంచి చూస్తూ, చూసినదాన్ని గోడ మీద బొగ్గుతో కొట్టేస్తూ వచ్చింది. పదేళ్లు దాటింది. 1,840 దగ్గర ఆగిపోయింది.

మొన్న ఆమెను వల్లకాటికి మోసిన రోజు నువ్వు పక్కనే నడిచావు. అప్పుడు కూడా నీకు చెప్పలేదు.

పదకొండో రోజు ఆదివారం. శనివారం లోపల నాకు జవాబు రాయి. 2,520 కంటె చిన్నది ఉంటే అదెంతో రాయి. లేకుంటే లేదని రాయి.