తలుపు మీది బిళ్ల

“మాడు వాసన వస్తేనే పిలుచుకొచ్చానండీ,” అంది సుబ్బరత్నం, శౌరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆవిడ వెంట వచ్చిన మేనేజర్ స్టీఫెన్ అప్పటికే గ్యాస్ కట్టేసి కిటికీలు తెరుస్తున్నాడు. గిన్నెలో దొండకాయలు బొగ్గయిపోయాయి. టీవీ ముందు నుంచి లేచొచ్చిన శౌరమ్మకి పక్కింటావిణ్ణి చూడగానే ఒళ్లు మండింది.

గుణదలలో పెద్దవాళ్ల కోసం కట్టిన ఆ భవనంలో కింది అంతస్తు తమ పని తాము చేసుకోగలవాళ్లది. ఎవరి వంట వాళ్లది, ఎవరి తాళం వాళ్ల కొంగుకే. పై అంతస్తు అలా కాదు. అక్కడ గదికి రెండేసి మంచాలు, వేళకింత పెట్టే తిండి, మెట్ల తలుపుకి వేసే తాళం. పైకి వెళ్లినవాళ్లు మళ్లీ కిందికి కాపురానికి వచ్చింది లేదు.

“మళ్లీ ఒక్కసారి ఇలాంటిది జరిగితే పైకి మార్చక తప్పదమ్మా. ఎవరికైనా రూలు రూలే,” అన్నాడు స్టీఫెన్.

ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్ని కనుసన్నల్లో నడిపిన మనిషి శౌరమ్మ. పొయ్యి కట్టేసి ఒక మాట చెప్పి పోతే సరిపోయేదానికి మేనేజర్ని వెంటేసుకొస్తుందా? కొండ కనపడే తన మూలగది మీద ఉయ్యూరు నుంచి వచ్చిన ఆ సుబ్బరత్నం కన్ను పడిందని నిశ్చయించుకుంది. ముందు పైకెక్కేదెవరో చూద్దామని పళ్లు నూరింది.

దారి తలుపు మీదే వేలాడుతోంది. అక్కడ ప్రతి తలుపుకీ ఒక బిళ్ల ఉంటుంది, ఒకవైపు ఎరుపు, రెండోవైపు ఆకుపచ్చ. రాత్రి ఆయా కీర్తన అన్నిటినీ ఎరుపుకి తిప్పి పోతుంది. పొద్దున లేచినవాళ్లు తమ బిళ్లని ఆకుపచ్చకి తిప్పుకోవాలి, క్షేమంగానే లేచామని చెప్పడానికి. ఏడు దాటాక ఎర్రగా ఉంటే తలుపు కొడతారు. పలకకపోతే మారుతాళంతో తీస్తారు.

మర్నాడు సుబ్బరత్నం వాకింగుకి వెళ్లిన అడుగుల చప్పుడు దూరమయ్యాక శౌరమ్మ తలుపు తీసింది. రెండు బిళ్లలూ ఆకుపచ్చగానే ఉన్నాయి. తనది ఎప్పుడు తిప్పిందో గుర్తు రాలేదు. హాస్టల్ అలవాటు, చేతులు వాటి పని అవే చేసుకుపోతాయని మురిసిపోయింది. పక్క బిళ్లని ఎరుపుకి తిప్పి, లోపలికొచ్చి నింపాదిగా కాఫీ కలుపుకుంది.

ఏడింటికి కీర్తన కేకలు పెట్టింది. స్టీఫెన్ పరుగెత్తుకొచ్చి తాళం తీస్తే లోపల ఎవరూ లేరు. సజ్జ నిండా మందారాలతో తిరిగొచ్చిన సుబ్బరత్నం బిళ్లని చూసి బిత్తరపోయింది.

“తిప్పానండీ. నా చేత్తో తిప్పాను.”

“వయసు మీద పడుతోంది కదండీ,” అంది శౌరమ్మ జాలిగా. “ఒక్కోసారి తిప్పామనే అనుకుంటాం.”

సుబ్బరత్నానికీ అదే హెచ్చరిక వచ్చింది. శౌరమ్మ తొందరపడలేదు. అనుమానం రాకుండా కొన్నాళ్లు ఊరుకుని, అంతా మర్చిపోయారనిపించాక మళ్లీ తిప్పింది.

ఈసారి సుబ్బరత్నం వాదించలేదు. వరండాలో నిలబడి తన రెండు చేతుల వంకా చూసుకుంది, అవి పరాయివాళ్లవైనట్టు. శౌరమ్మ గుండె కలుక్కుమంది. మాడిన గిన్నె గుర్తు తెచ్చుకుని మనసు గట్టి చేసుకుంది.

సాయంత్రం సామాను సర్దారు. పైన వంట లేదు కాబట్టి కుక్కరు, పోపులపెట్టె కీర్తనకి ఇచ్చేసింది సుబ్బరత్నం. కొంగుకున్న తాళంచెవి విప్పి స్టీఫెన్ చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్తూ వెళ్తూ శౌరమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

“వదినగారూ, పొయ్యి జాగ్రత్తండీ. ఆ రోజు పొగ చూసి భయమేసి, నా ఒక్కదానివల్ల కాదేమోనని ఆ అబ్బాయిని పిలిచాను. పొద్దున లేవగానే ఒకసారి తలుపు దాకా కూడా వెళ్లి రండి.”

పోతూ కూడా పుల్లవిరుపు మాటలేనని శౌరమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

“నా సంగతి నాకు తెలుసులెండి,” అని తలుపేసుకుంది.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. పొద్దున లేచి మరియమాతకి దండం పెట్టుకుని, కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుంది. వరండాలోకి వెళ్లాల్సిన పనేమీ లేదు, పక్కతలుపు మీద తిప్పడానికి ఇంక ఏముంది గనక. పగ తీరాక కొండ కూడా మరింత అందంగా కనపడింది.

తలుపు దబదబా మోగింది. తీస్తే కీర్తన, వెనక స్టీఫెన్.

“మీ బిళ్ల ఎర్రగానే ఉందమ్మా,” అన్నాడు.

“తిప్పాను,” అంది శౌరమ్మ. “నా చేత్తో తిప్పాను.”

అన్నాక, ఆ మాటలు తను ఇదివరకు ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. పొయ్యి సంగతి ఒకటి, ఇది రెండోదని స్టీఫెన్ తల దించుకునే చెప్పాడు. పైన సుబ్బరత్నం గదిలోనే రెండో మంచం ఖాళీగా ఉందట.

అంతలో మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ దిగుతున్న చప్పుడైంది. సుబ్బరత్నం. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, రెండో చెయ్యి అప్పుడే శౌరమ్మ తలుపు మీది బిళ్ల వైపు చాస్తూ వచ్చింది. అక్కడ నిలబడ్డవాళ్లని చూసి ఆగిపోయింది.

“ఆలస్యమైపోయింది వదినగారూ, పైన ఏడింటిదాకా తాళం తియ్యరట,” అంది తప్పు చేసినదానిలా. “లేకపోతే రోజూలాగే మీ బిళ్ల నేనే తిప్పేసేదాన్ని.”