పదిహేనో కర్ర

పరానా నది ఊళ్లోకొచ్చి చర్చి మెట్ల మీద చేపల్ని వదిలిపోయిన వరద తర్వాత తొమ్మిదో ఏడు. ఏడాది పొడుగునా ఊరూరా జరిగే చిన్న గోల్ఫ్ టూరులో ఆఖరి పోటీ, ఆఖరి రోజు. ఇంకా ఆటకి పిలుపు రాలేదు. ఫౌస్తీనో తను మోసే ఆటగాడు ఓస్వాల్దో సంచి దించి, అందులో కర్రలు లెక్కపెట్టాడు.

పదిహేనున్నాయి.

పద్నాలుగుకి మించకూడదు. పొద్దున సాధనకని తెచ్చుకున్న పాత పొట్టికర్రని ఓస్వాల్దో తియ్యడం మరిచిపోయాడు. అలాగే ఆట మొదలెడితే శిక్షకింద అతని లెక్కకి నాలుగు దెబ్బల దాకా కలుపుతారు; తక్కువ దెబ్బలవాడిదే గెలుపు. ఓస్వాల్దో మిగతావాళ్లకన్నా ముందున్నది రెండు దెబ్బలే. ఈ పోటీ గెలిచినవాడే ఏడాది మొత్తానికి మొదటివాడు. ఆ ఒక్కడే ఉత్తరాదిన పెద్ద టూరుకి వెళ్తాడు.

పక్క ఆటగాడి సంచి మోసే గాల్వాన్ అదంతా చూశాడు.

“ఏడాదంతా దీనికోసమే కదరా మోశావు,” అన్నాడు మెల్లగా. “సంచి మూసెయ్. నేను చూళ్లేదు.”

పగ తీర్చుకోడానికే మోస్తున్నాడని ఊరంతా అనుకునేదే అతనూ అన్నాడు.

వరద ఏడు ఫౌస్తీనో ఆటగాడు. పెద్ద టూరుకి తనే వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, తనతోపాటు సంచులు మోసి పెరిగిన ఓస్వాల్దోని ఇల్లు కాస్త కనిపెట్టుకోమన్నాడు. పది నెలలు రాలేదు. అక్కడికెళ్లినవాడు రాలేడు, ఒక్క వారం మానితే చోటు పోతుంది. ఇక్కడ నది వచ్చింది, గాలి ఇంటికప్పు రేకులు లేపేసింది. ఓస్వాల్దో నిచ్చెన భుజాన వేసుకెళ్లి రేకులు బిగించాడు. పైనుంచి దిగాడు గాని, ఆ ఇంట్లోంచి బయటికి రాలేదు.

తిరిగొచ్చిన ఫౌస్తీనోతో అతని పెళ్లాం నేలిదా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

“నెత్తిన నీళ్లు పడుతుంటే పలికినవాడు వీడొక్కడేనయ్యా.”

ఆమెని ఫౌస్తీనో ఒక్క మాట అనలేదు. తర్వాత భుజం పోయింది, ఆటా పోయింది. అందరూ ఒకే సొరబుర్రలోంచి పీల్చుకునే మాతే టీ ఓస్వాల్దో చేతినుంచి వస్తే మాత్రం, ఇన్నేళ్లూ లేచి వెళ్లిపోయేవాడు.

అలాంటివాడు ఈ ఏడు మొదటి పోటీకొచ్చి, నీ సంచి నేను మోస్తానన్నాడు. ఓస్వాల్దో నమ్మలేదు. సాల్తా పోటీలో గాలి ఎటు తిరుగుతుందో చెప్పి గెలిపించాక సగం నమ్మాడు. అసున్సియోన్‌లో జ్వరమొస్తే తడిగుడ్డలేసి, లేపి ఆడించాక పూర్తిగా నమ్మి, మాతే చేతికిచ్చాడు. ఫౌస్తీనో తాగాడు. తోటి మోతగాళ్లు చూసి నవ్వారు. కోసేముందే మేకని మేపుతారన్నారు.

ఆఖరి పోటీ సొంత ఊళ్లోనే. పొద్దున నేలిదా మైదానానికి మాంసం కూరిన ఎంపనాదాలు తెచ్చింది. వంటింటి మీద రేకు మళ్లీ లేచిందనీ, చెప్పీ చెప్పీ తన నోరు నొప్పెడుతోందనీ, ఎప్పుడడిగినా పోటీ అవనీ అంటాడనీ ఓస్వాల్దోని అందరిముందూ సాధించింది. ఫౌస్తీనో ఎంపనాదా తిని చేతులు దులుపుకున్నాడు.

పిలుపు వచ్చింది. ఫౌస్తీనో పాత కర్రని సంచిలోంచి లాగి కంచెకి ఆనించాడు.

“నీ ఒంట్లో పారేది నెత్తురేనా?” అన్నాడు గాల్వాన్.

ఫౌస్తీనో సంచి ఎత్తుకుని నడిచాడు.

ఆఖరి గుంట దగ్గరికొచ్చేసరికి ఆధిక్యం కరిగిపోయింది. ఒక్క చిన్న దెబ్బ మిగిలింది. పడితే గెలుపు, తప్పితే మళ్లీ చిన్న టూరే. ఓస్వాల్దో బంతి ముందు వంగాడు. కుడివైపు గురిపెట్టాడు.

“ఎడమకి. నా బొటనవేలంత,” అన్నాడు ఫౌస్తీనో.

ఓస్వాల్దో తలెత్తాడు. ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాట అడిగేశాడు.

“ఇప్పుడు ముంచుతావా నన్ను?”

“ముంచేదైతే సాల్తాలోనే ముంచేవాణ్ణి. కొట్టు.”

కొట్టాడు. బంతి అంచు పట్టుకుని లోపలికి దిగింది.

ఓస్వాల్దో ప్రయాణమైన సాయంత్రం గాల్వాన్‌తో సహా అందరూ బస్సు దగ్గరికొచ్చారు. నేలిదా రాలేదు, లేచిన రేకులోంచి ఇంట్లోకి కారిన వాననీళ్లు ఎత్తిపోసుకుంటోందట. ఓస్వాల్దో బస్సెక్కబోయి, దిగొచ్చి, ఫౌస్తీనోని కావలించుకుని ఏడ్చాడు.

“నేను చేసినదానికి నీ బదులు ఇంకోడైతే నన్ను పాతేసేవాడు. ఏం కావాలో అడుగురా, ఇస్తాను.”

“ఏమొద్దు. బాగా ఆడు. మధ్యలో మాత్రం రాకు.”

బస్సు కదిలింది. గాల్వాన్ టోపీ తీసి, నీ అంత మంచివాణ్ణి చూళ్లేదన్నాడు. ఫౌస్తీనో మబ్బుకేసి చూస్తున్నాడు. తెల్లార్లూ వాన కురిసింది.

మర్నాడు పొద్దున్నే ఫౌస్తీనో నిచ్చెన భుజాన వేసుకెళ్లి నేలిదా తలుపు తట్టాడు.