గాజు గదా, గోడల గదా?

“పదమూడు వేలా! ఒక్క గదికి?” రాధారాణి ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, తడిసిన రుమాలు దులిపినట్టు దులిపింది. “ఆ తెల్లాయన మీ మొహాలు చూసి రాసినట్టున్నాడు, సుమతీ.”

సుమతి నవ్వడానికి ప్రయత్నించింది. బయట బ్యాక్‌యార్డ్‌లో కాంట్రాక్టరు టేపు చుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇవాళే ఏదో ఒకటి తేల్చకపోతే అతను వేరే పని ఒప్పుకుంటాడు. అక్టోబరు సగం అయిపోయింది. ఈ నోవై ఊళ్లో చలికి నేల గడ్డకట్టిందంటే ఇక ఏప్రిల్ దాకా పునాది తవ్వలేరు.

బల్ల మీద రెండు ఎస్టిమేట్లు ఉన్నాయి. ఒకటి గోడలూ, పైకప్పూ, వేడిగాలి వచ్చే ఫర్నేసు గొట్టాలూ, పక్కనే బాత్‌రూమూ కలిపి ఇంటికి జోడించి కట్టే గదికి. రెండోది ఆరు వేల డాలర్లకు గాజు గది. మూడు పక్కలా అద్దాలు, హీటింగు లేదు.

“మీరెలా చెప్తే అలా, వదినా. మీ మాట వినకుండా సంతకం పెట్టొద్దన్నాను ఈయనతో,” అంది సుమతి. పక్కనే నిలబడ్డ ఆమె భర్త గోపాల్ తల ఊపాడు.

ఆ మర్యాద రాధారాణికి వింతగా అనిపించలేదు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లలో మొదట ఇల్లు కొన్నది తామే. ఈ మొగుడూ పెళ్లాలు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చారు. ఇరుకు ఇల్లొకటి కొని, ఎయిర్‌పోర్ట్‌లో దిగిన ప్రతివాడినీ తెచ్చి సోఫాలో పడుకోబెట్టుకునే రకం. స్టూడెంట్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, ఎవరి బావమరిదో ఒకడు. ఇప్పుడు అలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఓ గది! అది గాని లేచిందంటే తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులన్నీ ఇక్కడికే వస్తాయి. వచ్చినవాళ్లంతా ఇల్లు చూసి సుమతిని మెచ్చుకుంటారు. తలచుకుంటేనే రాధారాణికి ఒళ్లు మండింది.

“మా ఇంటికి పోయినవారం ఒకడొచ్చి గది గదీ కొలుచుకుని పోయాడు, ఇన్సూరెన్స్ కోసమని ఈయనే పిలిపించారు. నాలుగు బెడ్‌రూములూ చూసి నోరు తెరిచాడు,” అంది. “ఇల్లంటే మొదటే చూసి కొనుక్కోవాలి. తర్వాత అతుకులేస్తే ఎంత ఖర్చు పెట్టినా అతుకుల్లాగే ఉంటాయి.”

“నాకైతే గోడల గదే నయమనిపిస్తోంది,” అన్నాడు రాధారాణి భర్త జగన్మోహన్. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదలు. “చలికాలం గాజులో ఎలా ఉంటారు, రాధా?”

“మీరూరుకోండి. కార్ల బ్రేకులు డిజైన్ చేసుకునే మనిషికి ఇళ్ల సంగతేం తెలుసు?”

జగన్మోహన్ ఖాళీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. గోపాల్ ఆయన కప్పులో మరి కాస్త కాఫీ పోశాడు. ఈమధ్య ఆయన ఇలాగే ముభావంగా ఉంటున్నాడు. కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు గనక ఉన్నవాళ్ల మీద పని పడుతోందని రాధారాణి అనుకుంది. అయినా తీసేసేది ఆయనతో పనిచేసిన ఆ రామమోహన్ లాంటి చేతకానివాళ్లని. వేసవిలో ఉద్యోగం పోయి, ఇల్లు అమ్ముకుని, అతను ఎక్కడో షాంటిలీ అనే ఊళ్లో తమ్ముడి పంచన చేరాడు. ఆ సంగతి తెలిసిన రోజే రాధారాణి అడ్రసు పుస్తకంలో అతని పేరు కొట్టేసింది.

“బ్యాంక్‌లో లోన్ అడిగానండీ. పద్నాలుగు శాతం వడ్డీ అంటున్నారు,” అన్నాడు గోపాల్. “అయినా ఫరవాలేదు. ఉండేవాళ్లకి ఇబ్బంది కాకూడదు కదా.”

“ఆర్నెల్లు పడుతుందో, ఏడాది పడుతుందో,” సుమతి గొంతు తగ్గించింది. “ఎన్నాళ్లయినా సరే, మనసు కష్టపెట్టుకోకుండా ఉండాలి.”

రాధారాణికి నవ్వొచ్చింది. ఇంత అమాయకులు అమెరికాలో ఎలా బతుకుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

“ఏడాదా? వెచ్చటి గది ఇచ్చి చూడు, పదేళ్లుంటారు! ఒకరింట్లో తలదాచుకునేవాళ్లకి గాజు గది చాలు. రెండు రగ్గులు పడేయ్. పరాయి పంచన చేరాక చలేస్తోందంటే కుదురుతుందా? నోరు మూసుకుని సర్దుకోవాలి.”

జగన్మోహన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“రాధా, వద్దు,” అన్నాడు జగన్మోహన్ మెల్లగా.

“ఎందుకొద్దు? ఉన్నమాటే చెప్తున్నాను. వాళ్లకోసం వీళ్లెందుకు అప్పులపాలు కావాలి?”

సుమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మాట తగలాల్సిన చోటే తగిలిందని రాధారాణి లోలోపల సంతోషించింది.

“మనస్ఫూర్తిగానే అంటున్నారా, వదినా? జనవరిలో, ఆ మంచులో...”

“ముమ్మాటికీ. కావాలంటే ఆ కాంట్రాక్టరుతో నేనే చెప్తాను.”

చెప్పింది కూడా. కాంట్రాక్టరును లోపలికి పిలిచి, గాజు గది కాగితం మీద వేలు పెట్టి చూపించింది. గోపాల్ రెండు క్షణాలు తటపటాయించి సంతకం పెట్టాడు, డిపాజిట్ చెక్కు రాశాడు. అద్దాలు రేపే ఆర్డర్ చేస్తాననీ, ఆ తర్వాత మార్చడానికి వీల్లేదనీ చెప్పి కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. జగన్మోహన్ ఎవరికీ చెప్పకుండా లేచి కార్‌లోకి వెళ్లి కూర్చున్నాడు.

రాధారాణి తాపీగా కోటు తొడుక్కుంది. గుమ్మం దగ్గర సుమతి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“గురువారం మధ్యాహ్నం అన్నయ్యగారు వచ్చి అంతా చెప్పినప్పుడు, మిమ్మల్ని ఎలా పలకరించాలో తెలీక భయపడ్డాను. మీ మనసు ఇంత పెద్దదనుకోలేదు, వదినా.”

గురువారం మధ్యాహ్నం ఆయన ఆఫీస్‌లో కదా ఉండాలి అనుకుంది రాధారాణి. అయినా పొగడ్త బాగానే ఉంది.

“రెండు ముక్కలు సలహా చెప్పినందుకు ఇంత ఇదెందుకు, సుమతీ?”

“ఆ గదిలో ఉండబోయేది మీరిద్దరే కదా, వదినా!”