బర్రెకు పట్టిన రంది

లాడ్ బజార్ వెనక సందులో, నవాబు దేవిడీ గుమ్మం ముందు మైసయ్య గొంతుకూర్చుని పాలు పిండుతున్నాడు. తపేలాలో చుక్క పడలేదు. దూడను వదిలి చూశాడు, మళ్లీ కట్టేశాడు, పొదుగు కడిగాడు. బర్రె మాత్రం తనకేమీ పట్టనట్టు గోడకేసి చూస్తూ నిలబడింది.

ఇంటి దగ్గరే పిండి తెద్దామంటే కుదరదు. పాలవాడు బర్రెను గుమ్మం దాకా తోలుకొచ్చి కళ్లెదుట పిండితేనే ఆ ఇంట్లో పాలు తీసుకుంటారు. వారమంతా ఇలా చుక్క పడని తంతే. దేవిడీ వ్యవహారాలు చూసే దారోగా ఓపికగానే చెప్పాడు. శుక్రవారం దాకా చూస్తాడట. ఆనాడూ ఇంతే అయితే మలక్‌పేట నుంచి వేరే పాలవాణ్ని పెట్టుకుంటాడట.

యుద్ధం పుణ్యమా అని బర్రెకు పెట్టే పత్తిగింజల ధర కొండెక్కి కూర్చున్న రోజులు. ఆ దేవిడీ వాడుక పోతే మైసయ్య బర్రెను అమ్ముకోవలసిందే. అంత సంగతి బర్రెకేం తెలుసు? కోపం ఆపుకోలేక దాని డొక్కలో ఒక్కటి గుద్దాడు.

జహనుమాలో ఇంటికి చేరాక ఆ కోపమంతా భార్య కొమురమ్మ మీద పడింది. కుడితిలో ఉప్పు తక్కువైందన్నాడు. పక్కింటి బాలమ్మ దిష్టి తగిలిందన్నాడు. అన్నం పెడితే కంచం తోసేశాడు. కొమురమ్మ కొంగు నడుముకు చుట్టి, బీరయ్య దగ్గరికి పోదాం పద అంది. పశువుల వైద్యంలో బీరయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

బీరయ్య బర్రె చెవులు పట్టి చూశాడు, నోరు తెరిచి నాలుక చూశాడు. ఆ చూసినంతసేపూ మైసయ్య పక్కనుండి ఆపకుండా వాగుతూనే ఉన్నాడు.

"రంది పట్టింది బిడ్డా" అన్నాడు ముసలాయన.

"బర్రెకు రంది ఏంది పెద్దబాపు? దిగులు పడనీకి దానికేమన్న సంసారమా?"

"ఒళ్లు బిర్రబిగిస్తే పాలెట్ల దిగుతయ్? మందు చెప్త. ఇంటవా మరి?"

బర్రె బాగుపడుతుందంటే మైసయ్య నిప్పుల మీద నడవమన్నా నడిచేట్టున్నాడు. కానీ ఆ మందే వింతగా ఉంది. పరగడుపున బర్రెను ముట్టకూడదట, ఆకలి మీదున్న మనిషి చెయ్యి దానికి గిట్టదట. కొట్టంలో గొంతు లేవకూడదు. మధ్యాహ్నం బర్రె చెరువులో పడుకున్నంతసేపూ ఊరికే గట్టు మీద కూర్చోవాలి, తను కదిలితే అదీ కదులుతుంది. రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లితే దాని నిద్ర చెడుతుంది కాబట్టి, మనసులో ఉన్నదేదో కొమురమ్మకు చెప్పేసి మరీ పడుకోవాలి. పిండే ముందు బర్రె మెడ మీద చెయ్యి వేసి, అది ఊపిరి తీస్తే తనూ తీయాలి, వదిలితే తనూ వదలాలి.

తనకోసమైతే మైసయ్య ఇందులో ఒక్కటీ చేసేవాడు కాదు. బర్రె కోసం కనుక అన్నీ చేశాడు. పొద్దున్నే జొన్నరొట్టె తిన్నాడు. చెరువు గట్టు మీద మొదట ముళ్ల మీద కూర్చున్నట్టే ఉన్నా, కాసేపటికి కొంగలను చూస్తూ అక్కడే కునుకు తీశాడు.

ఆ రాత్రి కొమురమ్మతో, "దేవిడీ పోతదేమోనని మస్తు భయమైతుంది" అన్నాడు.

"పోతే పోనీ. చార్మినార్ సుట్టు చాయ్ తాగే ఇండ్లు తక్కువున్నయా?" అంది ఆమె.

ఆ భయాన్ని ఎవరికైనా చెప్పుకోవడం అతనికదే మొదలు. గుండె తేలికై తెల్లారేదాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు.

శుక్రవారం దారోగా గుమ్మంలో నిలబడ్డాడు. మైసయ్య తొందరపడలేదు. బర్రె మెడ నిమురుతూ, దాని ఊపిరికి తన ఊపిరి కలిపాడు. అది కళ్లు మూసుకుని నెమరు వేయసాగింది. ఆ తర్వాత తపేలా నురగతో నిండింది. దారోగా పాలు తీసుకుని లోపలికి పోయాడు.

ఇక మైసయ్యను పట్టగలిగేవారు లేరు. బర్రెల రంది మీద వాడంతా తిరిగి పాఠాలు చెప్పాడు. మరో పాలవాడు గుండయ్య బర్రె కూడా పాలు బిగబట్టిందని తెలియగానే, బర్రెతో సహా అతన్ని బీరయ్య దగ్గరికి తోలుకొచ్చాడు. దారి పొడుగునా గుండయ్య బర్రెను తిడుతూనే ఉన్నాడు.

"పెద్దబాపు, నా బర్రెకు చెప్పిన మందే గుండన్న బర్రెకు గూడ చెప్పు" అన్నాడు మైసయ్య దర్జాగా.

బీరయ్య బర్రె వంక చూడనే లేదు. మంచం మీద జరిగి గుండయ్యకు చోటిచ్చాడు.

"నీ బర్రెకు నేనెన్నడు మందు చెప్పిన మైసయ్యా? గుండయ్యా, బర్రెను గాడ కట్టేసొచ్చి ఇట్ల కూసో. దేనికింత రంది వెట్టుకున్నవో చెప్పు."