ఎడమచేతి ముడి

పిల్లల పార్కులో ఊయలల వెనక మొదలై మళ్లీ అక్కడికే తిరిగొచ్చే చిన్న కాలిబాట అది. చీకటి పడుతుండగా, పూసిన ఆల్‌బుఖారా చెట్టు దగ్గర రాడ్కో ఆగిపోయాడు.

కొమ్మకు ఎరుపు తెలుపు దారం వేలాడుతోంది. మార్చి రాగానే ఊరంతా చేతికి కట్టుకుని, చెట్టు పూయగానే విప్పి కొమ్మకు కట్టే దారమే. కానీ ఈ ముడి ఎడమచేతివాటం వాళ్లు వేసింది. అతని భార్య స్తోయ్న తప్ప ఇంకెవరూ అలా వెయ్యరు. ఆమెను పోయినేడు ఆకులు రాలే కాలంలోనే పాతిపెట్టారు. ఈ దారం మాత్రం కొత్తది.

ఇది పార్కు కాపలాదారు మెతొది పనే అనుకున్నాడు రాడ్కో. ఆమె వాడితో మాట్లాడేటప్పుడే నవ్వేది. దారం లాగేసి కోటు జేబులో కుక్కుకుని వెనుదిరిగాడు. బాటంతా నిశ్శబ్దం. మధ్యలో ఒకచోట, కంకర మీద తన అడుగుల చప్పుడు రెండుగా వినిపించింది.

గేటు దగ్గర మెతొది పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

"నా పెళ్లాం ముడి నీకెవరు నేర్పార్రా?"

"నాకా? నా బూటు లేసులే మా ఆవిడ కడుతుంది." మెతొది నవ్వుతూ టార్చి ఎత్తాడు. "ఆడవాళ్ల వేషాలని తిట్టేవాడివి, ఈసారి నువ్వూ కట్టించుకున్నావే! ఎవరోయ్ ఆవిడ?"

రాడ్కో మణికట్టు చూసుకున్నాడు. ఎరుపు తెలుపు దారం. అదే ముడి. జేబు తడిమాడు. ఖాళీ.

ఏటా స్తోయ్న దారం పట్టుకొస్తే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఈసారి ఎప్పుడు చాచాడో గుర్తు రాలేదు.