ఇరవై ఏడు నిమిషాల ఎక్స్

"ముందుగా ఎక్స్ అనుకుందాం" అన్నారు లెక్కల మాస్టారు, సుద్దముక్క ఎత్తి.

"యాక్సిల్‌కేం కాలేదండీ. బండి లక్షణంగా ఉంది" అన్నాడు బస్సు డ్రైవరు.

ట్యూషన్ పిల్లలు బల్లల మీద పడి నవ్వారు.

"యాక్సిల్ కాదయ్యా, ఎక్స్. తెలియనిదానికి మనం పెట్టుకునే పేరు. సరే, నీ గొడవేమిటో మళ్లీ చెప్పు."

డ్రైవరు గోడ గడియారం చూశాడు. నాలుగుంపావు. ఐదింటికల్లా అర్జీ డిపోలో పడకపోతే కొత్త టైం టేబుల్ అచ్చుకెళ్లిపోతుంది. మళ్లీ ఏడాది దాకా కదపరు. ఎన్ని నిమిషాలు మార్చాలో లెక్కతో సహా రాసిమ్మన్నాడు మేనేజరు.

"ఇక్కణ్ణుంచి నా బస్సు పొద్దున్న ఆరింటికి, గంటకి యాభై. అవతలి ఊరి నుంచి ఇంకోటి, అదీ ఆరింటికే, గంటకి నలభై. మధ్య నూట ఎనభై కిలోమీటర్లు."

"ఇంతేనా? రెండు గంటల్లో కలుసుకుంటాయి."

మాస్టారికి తెలిసిన బస్సులన్నీ పుస్తకంలోవే. అవి ఆగవు, పంచరవవు, చిల్లర అడగవు.

"కలుసుకోవండీ, దాటిపోతాయి. రెండూ టీకి పదేసి నిమిషాలు ఆగేది నా నూట పదో కిలోమీటరు దగ్గర. నేను చేరేలోపే అది లేచి ఎదురొచ్చేస్తుంది. హారన్ కొట్టుకోవడమే మిగుల్తోంది. రెండూ ఒకేసారి ఆగాలి."

"లెక్కలో టీ ఉండదయ్యా."

"నా లెక్కలో ఉన్నది అదొక్కటే మాస్టారూ."

"అయితే దాన్నే ఆలస్యంగా రమ్మను."

"దాన్నిండా ఆఫీసులవాళ్లు. జరగాల్సింది నేనే."

మాస్టారు బోర్డు తుడిచారు. "అక్కడికి నీకు నూట ముప్పై రెండు నిమిషాలు. దానికి డెబ్బై కిలోమీటర్లు, నూట ఐదు నిమిషాలు. నువ్వు ఎక్స్ నిమిషాలు ముందు కదిలితే, నూట ముప్పై రెండు మైనస్ ఎక్స్ సమానం నూట ఐదు. ఎక్స్ ఎంతర్రా?"

"ఇరవై ఏడు" అన్నారు పిల్లలు, ఒకే గొంతుతో.

'ఐదూ ముప్పై మూడు' అని అర్జీలో రాసుకుని, పెన్ను జేబులో పెట్టి, గుమ్మం దాకా వెళ్లిపోయాడు డ్రైవరు.

"ఆగవయ్యా. ఇంత నిద్ర చెడగొట్టుకుని ఆ బస్సు పక్కన నిలబడి ఏం చేస్తావు? ఆ డ్రైవరుతో నీకేమన్నా తగాదానా?"

"తగాదా పడాలన్నా పది నిమిషాలు ఒకచోట ఉండాలి కదండీ" అన్నాడతను సిగ్గుపడుతూ. "ఆవిడది ఆ డిపో, నాది ఈ డిపో. మాకు పెళ్లయి ఆరు నెలలు."