అర సెకను జాగా

పాడేరు ఘాట్‌లో సలోమి కారు మూడో రోజు కూడా అదే మలుపులో ఆగిపోయింది. ఇప్పుడు ప్రతి కారుకూ రేసు కారు చురుకే. కాలు కదిలీ కదలగానే చక్రం తిరుగుతుంది. పోయిన నెల ఆ మలుపులో జారినప్పటి నుంచి ఆమె భయం కూడా కాలి వణుకుగా అంతే వేగంగా చక్రానికి చేరి కారును ఆపేస్తోంది. పైన ఆసుపత్రిలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. కాన్పు చేయగల నర్సు సలోమి ఒక్కతే.

వెనక్కి దిగి మెకానిక్ పైడినాయుడిని పట్టుకుంది.

"నా కాలికీ చక్రానికీ మధ్య కాస్త ఆలస్యం పెట్టండి, నాయుడు గారూ."

"ఇదేటి సిస్టరమ్మా! ఊరంతా ఆలస్యం తీసీమని వస్తే, నువ్వెట్టమంటావేటి?"

"పెడతారా, పెట్టరా?"

"అర సెకను ఎడతాను. కారు అంతసేపు ఆగి, నీ కాలి ఆఖరు మాటే వింటది."

ఘాట్ నిండా మబ్బు. దూదిలో తేలుతున్నట్టు కారు పైకి సాగింది. ఆ మలుపు రాగానే సలోమి కాలు వణికింది. కారు వేచి చూసింది. ఆమె ఊపిరి పీల్చుకుని గట్టిగా నొక్కింది.

కారు ఆ మాటే వింది. వణుకు వెనక మబ్బులోనే ఎక్కడో ఉండిపోయింది.